చప్పుడు దేనితో తాళం వేస్తోంది?

ఆదివారం పొద్దున వీడియో చూసుకుంటూ ఇంటి ముందే కారు ఇంజిన్ ఆయిల్ మార్చారు. పనిలో పనిగా ఎయిర్ ఫిల్టరు, నాలుగు ప్లగ్గులు, పగుళ్లు పట్టిన ఫ్యాన్ బెల్టు కూడా తీసేసి కొత్తవి వేశారు. చేతులు కడుక్కుని స్టార్ట్ చేస్తే ఇంజిన్ ఠక్కున అందుకుంది. దాంతోపాటే నిన్నటిదాకా లేని చప్పుడొకటి మొదలైంది.

ఇలాంటప్పుడు చాలామంది ఆ చప్పుడుకు ఒక పేరు పెట్టి స్నేహితుడికి ఫోన్ చేస్తారు. టక్‌టక్ అంటోందని చెబితే, అతను తన బండిలో ఎప్పుడో విన్న టక్‌టక్‌ను గుర్తు చేసుకుని ట్యాపెట్లంటాడు. ఇంకొకాయన ఇంజిన్ మొత్తం విప్పాల్సిందేనని భయపెడతాడు. ఒకరి చెవికి టక్‌టక్ అయినది మరొకరికి టిక్‌టిక్ కావచ్చు, కాబట్టి ఈ పేర్లతో వైద్యం జరగదు. బానెట్ ఎత్తి నిలబడి అడగాల్సిన ప్రశ్న వేరు. ఈ చప్పుడు దేనితో తాళం వేస్తోంది? ఇంజిన్‌లో తిరిగే ప్రతి భాగానికీ ఒక వేగం ఉంది. ఆ వేగాలన్నీ పళ్లచక్రాలతో, చైన్లతో, బెల్టులతో ఒకదానికొకటి లెక్క ప్రకారం ముడిపడి ఉన్నాయి. దెబ్బ ఎంతసేపటికొకటి పడుతోందో పట్టుకుంటే, అది ఏ భాగం నుంచి వస్తోందో చాలావరకు తేలిపోతుంది.

ఆ లెక్కలోకి వెళ్లేముందు ఒక మాట. మీ చెయ్యి పడిన చోటే మొదట వెతకండి. ఏళ్ల తరబడి నోరెత్తకుండా తిరిగిన క్రాంకు బేరింగు, సరిగ్గా మీరు ఎయిర్ ఫిల్టరు మార్చిన పూటే చెడిపోవడం అసాధ్యం కాదు. కానీ సరిగా పడని క్లిప్పు, తొడగడం మరిచిన గొట్టం, సగమే బిగిసిన బోల్టు, ఇంజిన్ మీదే వదిలేసిన పానా ఇంతకన్నా చాలా ఎక్కువగా దొరుకుతాయి. చేసిన పనుల్ని చివరి నుంచి మొదటికి ఒక్కొక్కటే తిరిగి చూసుకుంటే సగం కేసులు అక్కడే ముగుస్తాయి.

మన చెవిని కూడా కొంచెం అనుమానించాలి. మామూలు రోజుల్లో ఇంజిన్ చప్పుడును ఎవరం పట్టించుకోం. సొంతంగా మరమ్మతు చేసిన రోజు మాత్రం ఊపిరి బిగబట్టి వింటాం. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎంత ఆరోగ్యంగా ఉన్నా చిటచిటమంటూనే ఉంటాయి. నిన్నా ఉన్న ఆ చిటచిట ఇవాళ కొత్తగా వినబడి కంగారు పెడుతుంది. పానా పట్టకముందే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడొకసారి, వేడెక్కాక ఒకసారి ఫోన్‌లో అర నిమిషం రికార్డు చేసిపెట్టుకుంటే ఈ అనుమానానికి తావుండదు.

సగం వేగం లెక్క

మన కార్ల ఇంజిన్లన్నీ దాదాపుగా నాలుగు దశల ఇంజిన్లు. గాలి పీల్చడం, నొక్కడం, పేల్చడం, పొగ వదలడం. ఈ నాలుగూ పూర్తికావడానికి క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరగాలి. అంటే ఒక్కో వాల్వు రెండు చుట్లకు ఒక్కసారే తెరుచుకోవాలి. అందుకే వాల్వులను నడిపే కామ్ షాఫ్టును క్రాంకులో సరిగ్గా సగం వేగంతో తిరిగేలా అమర్చారు. చప్పుళ్ల విషయంలో ఈ సగమే పెద్ద ఆధారం.

ఆర్‌పీఎం మీటరు 780 చూపిస్తోందనుకుందాం. క్రాంకు సెకనుకు 13 చుట్లు తిరుగుతోంది, కామ్ షాఫ్టు ఆరున్నర. నాలుగు సిలిండర్ల ఇంజిన్ అయితే సెకనుకు 26 పేలుళ్లు, మూడు సిలిండర్లదైతే 19 నుంచి 20. సెకనుకు ఆరు దెబ్బల్ని మన చెవి విడివిడిగా పట్టుకోగలదు. పదమూడంటే గలగలగా కలిసిపోతాయి. ఇరవై దాటాక దెబ్బలు పోయి గుయ్యిమనే స్వరం మిగులుతుంది. కాబట్టి ఐడ్లింగ్‌లో ఒక్కో దెబ్బా లెక్కపెట్టగలిగేలా టక్, టక్, టక్ అని వినిపిస్తే అది కామ్ షాఫ్టు వేగంతో జరిగే వ్యవహారమని మొదటి అంచనా వేయవచ్చు.

చెవి మీద నమ్మకం చాలకపోతే రికార్డింగును కంప్యూటర్లో ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. తెర మీద ధ్వని తరంగం కనిపిస్తుంది. రెండు సెకన్ల ముక్కను తీసుకుని అందులో నిక్కిన మొనలు లెక్కపెట్టండి. 13 ఉంటే కామ్ వేగం, 26 ఉంటే క్రాంకు వేగం. కామ్ వేగమైతే వాల్వులు, ట్యాపెట్లు, ఏదో ఒక్క ఇంజెక్టరు, ఒక్క ప్లగ్గు దగ్గర లీకు, ఒక్క సిలిండరు ఎగ్జాస్ట్ దగ్గర లీకు. ఇవన్నీ రెండు చుట్లకు ఒకసారే పలుకుతాయి. క్రాంకు వేగమైతే క్రాంకు పుల్లీని, అవతలి చివరనున్న ఫ్లైవీల్‌ను చూడాలి.

సెకనుకు ఆరు కన్నా తక్కువ వస్తే? అదీ లెక్కకు అందుతుంది. 14 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న క్రాంకు పుల్లీ ఒక్క చుట్టుకు సుమారు 44 సెంటీమీటర్ల బెల్టును లాగుతుంది. బెల్టు పొడవు 1.8 మీటర్లయితే అది పూర్తిగా ఒక్కసారి తిరిగొచ్చేసరికి క్రాంకు నాలుగు చుట్లు వేస్తుంది. కొత్త బెల్టు గాడిలో చిన్న రాయి ఇరుక్కుంటే సెకనుకు మూడుసార్లు చిక్‌మంటుంది. ఇంజిన్‌లో అంత నిదానంగా తిరిగేది బెల్టు తప్ప దాదాపుగా మరేదీ లేదు. ఆల్టర్నేటర్ది దీనికి తలకిందులు. దాని పుల్లీ చిన్నది కాబట్టి క్రాంకు కన్నా రెండు మూడు రెట్లు వేగంగా తిరుగుతూ, బేరింగు అరిగితే సన్నగా ఊళ పెడుతుంది.

అసలు చప్పుడు ఇంజిన్‌దేనా అన్నది కూడా ఈ పద్ధతిలోనే తేలుతుంది. బండి నిలబడి ఉండగా రేస్ చేస్తే చప్పుడు వేగం పెరగాలి. పెరగకుండా బండి కదిలినప్పుడే వచ్చి, చక్రాల వేగంతో పెరుగుతుంటే ఇంజిన్‌ను వదిలేయండి. బ్రేక్ ప్యాడ్లు మార్చేటప్పుడు డిస్కు వెనకనున్న పల్చని రేకు వంగి డిస్కుకు రాసుకోవడం తరచూ జరిగేదే. క్లచ్ తొక్కితే మారే చప్పుడు గేర్‌బాక్సు వైపుది. ఏసీ వేస్తే మారేది కంప్రెసర్ వైపుది.

స్క్రూడ్రైవరుతో వినడం

1816లో పారిస్ వైద్యుడు రెనే లెనెక్ కాగితాలను గొట్టంలా చుట్టి ఒక రోగి గుండెకు ఆనించి విన్నాడు. అదే స్టెతస్కోపుకు మొదలు. ఆటోనగర్ షెడ్లలో పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు నొక్కిపెట్టి వినే మెకానిక్‌ను చూసే ఉంటారు. ఆ పద్ధతిలో గట్టి భౌతికశాస్త్రం ఉంది.

లోహంలో పుట్టిన కంపనం గాలిలోకి దాటడం చాలా కష్టం. ఉక్కుకు, గాలికి సాంద్రతలోను, ధ్వని వేగంలోను ఉన్న తేడా వల్ల, ఉపరితలాన్ని తాకిన ధ్వనిశక్తిలో పదివేలలో ఒక వంతు కూడా గాలిలోకి రాదు. మిగిలినదంతా వెనక్కి మళ్లి లోహంలోనే తిరుగుతూ, ఎక్కడ పల్చగా, వెడల్పుగా ఉండే మూత దొరికితే దాన్ని ఆడించి బయటపడుతుంది. కాబట్టి చప్పుడు ఎక్కడ గట్టిగా వినిపిస్తోందో అక్కడే పుట్టిందనుకోవడం పొరపాటు. స్క్రూడ్రైవరు ఈ చుట్టుదారిని తప్పించి, లోహం నుంచి లోహంలోకి, అక్కణ్ణుంచి ఎముకలోకి కంపనాన్ని నేరుగా తీసుకొస్తుంది. ఒకే రకం చోట్లను పోల్చి వినాలి. ఆల్టర్నేటర్ బోల్టు మీద ఒకసారి, వాటర్ పంపు బోల్టు మీద ఒకసారి. దగ్గరికి వెళ్లేకొద్దీ చప్పుడు పదునెక్కుతుంది.

జాగ్రత్తలు తెలిసినవే అయినా చెప్పక తప్పదు. తిరిగే బెల్టు దగ్గరికి లుంగీ, చున్నీ, మెడలో గొలుసు, విరబోసిన జుట్టు తీసుకెళ్లకూడదు. రేడియేటర్ ఫ్యాను చెప్పకుండానే తిరగడం మొదలుపెడుతుంది. తలుపులు మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

చేసిన పనిని బట్టి

ఆయిల్, ఫిల్టరు మార్చాక మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు గలగలమనడం మామూలే. కొత్త ఫిల్టరు ఖాళీగా ఉంటుంది, పంపు ముందు దాన్ని నింపాలి. చాలా ఇంజిన్లలో టైమింగ్ చైన్‌ను బిగువుగా పట్టే టెన్షనరు ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఆ ఒత్తిడి వచ్చేదాకా చైన్ వదులుగా కొట్టుకుంటుంది. పది సెకన్లు గడిచినా ఆగకపోతే, లేదా ఆయిల్ దీపం ఆరకపోతే ఇంజిన్ ఆపేసి గేజి పుల్ల చూడాలి.

ఆ కాస్త ఆయిల్ పొర మీద ఎంత ఆధారపడి ఉన్నామో 1883లో బ్రిటన్‌లో బోషాంప్ టవర్ అనే ఇంజినీరు చేసిన ప్రయోగం చెబుతుంది. రైలు ఇరుసుల బేరింగులను పరీక్షిస్తూ ఆయిల్ పోయడానికని ఒక బేరింగు పైభాగంలో రంధ్రం చేశాడు. ఇరుసు తిరగడం మొదలవగానే ఆయిల్ ఆ రంధ్రంలోంచి పైకి ఉబికింది. బిరడా పెడితే ఎగిరిపోయింది, చెక్కముక్క దిగ్గొడితే అదీ బయటికొచ్చింది. ప్రెషర్ గేజి బిగిస్తే చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటింది. తిరిగే ఇరుసే ఆయిల్‌ను సందులోకి లాక్కుని, తన మీది బేరింగును పైకెత్తేంత ఒత్తిడిని పుట్టిస్తోందని అలా తెలిసింది. మూడేళ్లకు శాస్త్రవేత్త ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ దానికి గణితం రాశాడు. మీ కారు క్రాంకు బేరింగులూ ఇదే సూత్రం మీద నడుస్తాయి. ఆయిల్ పంపు చేసే పని ఆ సందులకు సరఫరా ఆగకుండా చూడడం. సరఫరా ఆగితే పొర పోతుంది, లోహం లోహానికి తగులుతుంది.

ఆయిల్ తక్కువైతే ప్రమాదమని అందరికీ తెలుసు. ఎక్కువ పోసినా చప్పుడు వస్తుందని చాలామందికి తెలియదు. గుర్తు దాటి పోస్తే తిరిగే క్రాంకు ఆయిల్‌ను తాకి నురగ చేస్తుంది. నురగలో ఉన్నది సగం గాలే, గాలి నొక్కితే అణిగిపోతుంది. ఆయిల్ ఒత్తిడితో నడిచే ట్యాపెట్లు అప్పుడు వదులై టిక్కుటిక్కుమంటాయి. ఇంకో అర లీటరు పోస్తే మేలనే ఉదారబుద్ధి ఇంజిన్ దగ్గర పనికిరాదు.

బెల్టు కీచుమనడం వెనక ఉన్నదీ వయొలిన్ తీగ వెనక ఉన్నదీ ఒకటే ప్రక్రియ. ఆగి ఉన్న రెండు ఉపరితలాల మధ్య ఘర్షణ, జారుతున్నప్పటి ఘర్షణ కన్నా ఎక్కువ. అందుకని బెల్టు పుల్లీని పట్టుకుంటుంది, తన్యత పెరిగి చటుక్కున జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. సెకనుకు వందలసార్లు ఇలా జరిగితే కీచు. రోగం ఏమిటో నీళ్లు చెబుతాయి. తిరిగే బెల్టు గాళ్ల వైపు కాసిని నీళ్లు చిలకరించండి. చప్పుడు తగ్గి, ఆరాక మళ్లీ వస్తే పుల్లీలు ఒకే వరసలో లేవని అర్థం. తగ్గకపోగా పెరిగితే బెల్టు వదులైంది. అలాగని బిగువు మరీ పెంచితే కీచు పోయి, ఆల్టర్నేటర్, వాటర్ పంపు బేరింగుల మీద భారం పడి ఊళ మొదలవుతుంది. ఈ రెండో జబ్బే ఖరీదైనది.

ఎయిర్ ఫిల్టరు మార్చాక బుస్సుమనే శబ్దం వస్తే గొట్టాలు చూడండి. పెట్రోలు ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు త్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది. దాని అవతల ఇన్‌టేక్ మానిఫోల్డులో పీడనం బయటి గాలి పీడనంలో సుమారు మూడో వంతుకు పడిపోతుంది. లోపలి పీడనం బయటిదానిలో 53 శాతం కన్నా తగ్గితే, సన్నని రంధ్రంలోంచి దూరే గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుందని వాయుగతిశాస్త్రం చెబుతుంది. ఊడిన చిన్న రబ్బరు గొట్టం అంత గోల చేయడానికి కారణం అదే. యాక్సిలరేటర్ తొక్కితే త్రాటిల్ తెరుచుకుని లోపలి పీడనం పెరుగుతుంది, బుస తగ్గుతుంది. ఐడ్లింగ్‌లో ఎక్కువ, రేస్ చేస్తే తక్కువ అన్నది ఈ లీకు గుర్తు. టర్బో బండిలో దీనికి ఎదురు. టర్బో గాలిని తోసినప్పుడే, అంటే బరువుతో ఎత్తెక్కేటప్పుడే, వదులైన క్లిప్పు దగ్గర ఈల వినిపిస్తుంది. మూడడుగుల నీళ్ల పైపు ముక్క ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసతో వెతికితే చోటు దొరుకుతుంది. కార్బురేటర్ క్లీనర్ చల్లి వెతకమనే సలహాలూ ఉన్నాయి. వేడి ఇంజిన్ మీద మండే ద్రవాన్ని చల్లడం నాకు నచ్చదు.

ప్లగ్గులు మార్చాక చఫ్, చఫ్ అంటూ వస్తే ఒక ప్లగ్గు బిగియలేదు. వాషరు ఉన్న కొత్త ప్లగ్గును చేత్తో బిగుసుకునేదాకా తిప్పి, ఆ పైన రెంచితో సగం నుంచి మూడింట రెండు వంతుల చుట్టు తిప్పాలి. అప్పుడే వాషరు నలిగి సందు మూసుకుంటుంది. వాషరు లేని సూదిమొన సీటు ప్లగ్గుకు పదహారో వంతు చుట్టు చాలు. వదులుగా ఉన్న ప్లగ్గుతో ఇంకో చిక్కుంది. ప్లగ్గు వేడి సీటు ద్వారానే సిలిండర్ హెడ్డుకు చేరాలి. ఆ దారి తెగితే మొన ఎర్రగా కాలి, నిప్పురవ్వ పడకముందే పెట్రోలును అంటించగలదు.

ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్ కనెక్టరు సరిగా కూర్చోకపోతే మాత్రం కొత్త చప్పుడు రాదు, ఉన్న చప్పుడులోంచి ఒక దెబ్బ పోతుంది. మెకానిక్కులు మిస్సింగ్ అనేది దీన్నే. 26 పేలుళ్లలో ప్రతి నాలుగోదీ లోపించి, బండి సెకనుకు ఆరున్నరసార్లు కుదుపుతుంది. స్కానరు పెట్టినప్పుడు పి0301 అని వస్తే ఒకటో సిలిండరు, పి0302 అని వస్తే రెండోది. ఆ కాయిల్లో వేల వోల్టులుంటాయి, ఇంజిన్ నడుస్తుండగా పీకి చూడొద్దు.

ఒకే ఒక్క ఆర్‌పీఎం దగ్గర జరజరమని, అటూఇటూ మారగానే పోయేవి ఎక్కువగా వదులైన రేకులు. సైలెన్సర్ మీది వేడి రేకు, ఇంజిన్ కింది ప్లాస్టిక్ కవరు. 1500 ఆర్‌పీఎంలో నాలుగు సిలిండర్ల పేలుళ్లు సెకనుకు 50. ఆ రేకు సహజ కంపనం కూడా అంతే అయితే అక్కడే మోగుతుంది. ఇంజిన్ చల్లారాక పిడికిలితో తడితే దొంగ దొరుకుతాడు. కూలెంట్ మార్చాక డాష్‌బోర్డు వెనక గుడగుడలాడితే లోపల గాలి బుడగ చిక్కుకుంది, దాన్ని వదిలించాలి.

తాళం లెక్కకు లొంగని చప్పుడు ఒకటుంది. ఎత్తెక్కేటప్పుడు పెద్ద గేరులో గట్టిగా తొక్కితే వచ్చే నాకింగ్. ప్లగ్గు రవ్వ నుంచి మంట పాకేలోపే మూలనున్న మిశ్రమం తనంతట తాను భగ్గుమంటుంది. సిలిండరులోని వాయువు మొత్తం అటూఇటూ ఊగి గంటలా మోగుతుంది. దాని శ్రుతి ఆర్‌పీఎం మీద ఆధారపడదు, సిలిండరు వెడల్పు మీద ఆధారపడుతుంది. మారుతి 1197 సీసీ కె-సిరీస్ ఇంజిన్ బోరు 73 మిల్లీమీటర్లు. అంత బోరుకు లెక్క వేస్తే సెకనుకు సుమారు 7,500 కంపనాలు. ఈ లెక్కను 1935లో అమెరికా విమాన పరిశోధన సంస్థ ఎన్ఏసీఏ నివేదికలో విడమరిచినవాడు చార్లెస్ స్టార్క్ డ్రేపర్. అపోలో వ్యోమనౌకలకు దారి చూపిన వ్యవస్థను తరవాత తయారు చేసింది ఆయన ప్రయోగశాలే. ఇప్పటి ఇంజిన్లలో బ్లాకుకు బిగించిన నాక్ సెన్సరు సరిగ్గా ఆ శ్రుతి కోసమే చెవి ఒగ్గి ఉంటుంది. తగని రకం ప్లగ్గు వేసినా, ఇందాక చెప్పినట్టు వదులుగా వదిలినా నాకింగ్ పుట్టవచ్చు.

చివరిది అసలైన ప్రమాదం. ఇంజిన్ అడుగు నుంచి బరువుగా, లోతుగా ధబ్‌ధబ్‌మని, రేస్ చేసి వదిలేటప్పుడు ఇంకా స్పష్టంగా వినిపించేది కనెక్టింగ్ రాడ్ బేరింగు. ఇది ఒక్కోసారి చుట్టుకొకటి, ఒక్కోసారి పేలుడుకొకటి పలుకుతుంది కాబట్టి లెక్కతో తేల్చడం కష్టం, గొంతును బట్టి పట్టుకోవాలి. రికార్డింగును ఫోన్ స్పీకరులో వింటే ఈ లోతు వినపడదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. దీనికి ఆయిల్ దీపం కూడా తోడైతే బండిని షెడ్డుదాకా కూడా నడపకండి, లాగించుకెళ్లండి. లాగుడు ఖర్చుకూ కొత్త క్రాంకు ఖర్చుకూ పోలికే లేదు.

షెడ్డుకు వెళ్లాక చాలామంది సొంతంగా విప్పిన సంగతి దాచిపెట్టి, ఉన్నట్టుండి చప్పుడొచ్చిందంటారు. పరువు మిగులుతుందేమో గానీ మెకానిక్ రోజంతా వెతుకుతాడు, బిల్లు మీదే. ఏమేం విప్పారో, ఏ వరసలో బిగించారో, ఏ ఆయిల్ ఎంత పోశారో మొదటే చెప్పేయండి. తీసేసిన పాత సామాను పారేయకుండా వెంట తీసుకెళ్లండి. ముఖ్యంగా పాత ఆయిల్ ఫిల్టరు. దాని మూతి చుట్టూ ఉండాల్సిన రబ్బరు రింగు కనిపించకపోతే, అది ఇంకా ఇంజిన్‌కే అతుక్కుని ఉంది. కొత్త ఫిల్టరు రెండు రింగుల మీద కూర్చుంది, ఆయిల్ అక్కణ్ణుంచే పోతోంది.